మందు తెచ్చిన బుగ్గలు

మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటిలోకీ బాగా పడిందని చుట్టపక్కాలందరూ ఒప్పుకున్న ఫొటో నాది కాదు, మా చెల్లెలు సుగుణది. తొమ్మిదేళ్ళ పిల్ల, తనకు తానే వేసుకున్న రెండు జడలు, జడల్లో కనకాంబరాలు, స్టూడియోవాడి కుర్చీ వీపు మీద ఒక చెయ్యి. ముఖం నిండుగా, గుండ్రంగా, బుగ్గలు రెండూ అప్పుడే నూనెలోంచి తీసిన పూరీల్లా ఉంటాయి. ఆ రోజు నాయన నన్ను స్టూడియోకి తీసుకుపోలేదు. "నువ్వు మళ్ళా దిగుదువులే" అన్నాడు. ఆ మళ్ళా నా పదో తరగతి హాల్ టికెట్టు దాకా రాలేదు. యాభై ఏళ్ళకు పైగా ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. పిల్లలకు పాఠాలు చెప్పాను, కథలు రాశాను, పుస్తకాలు అచ్చేయించుకున్నాను, నలుగురి చేతా పెద్దమనిషిననిపించుకున్నాను. ఆ బుగ్గల విషయంలో మాత్రం ఇప్పటికీ పదకొండేళ్ళ కుళ్ళుబోతు పిల్లనే.

ఆ ఫొటో పోయిన నెల తిరుపతిలో ఒక చర్మం డాక్టరు బల్ల మీదికి వచ్చింది. సుగుణకు సోరియాసిస్. చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఇప్పుడు దానికి అరవై ఒకటి, నాకు అరవై మూడు. నెలకోసారి పలమనేరు నుంచి పొద్దున బస్సుకు వచ్చి, కొర్లగుంటలో మా ఇంట్లో కాఫీ తాగి, నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి ఇంజక్షన్ వేయించుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడుది. కొత్త కాగితాలేవో నింపుతూ, చిన్నప్పుడు ఏమేం మందులు వాడారని అడిగింది. సుగుణ పర్సు తెరిచి, ఆధార్ కార్డు వెనకనుంచి ఆ ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. అది అమ్మ పెట్టెలో ఉందనుకున్నాను గానీ, దీని పర్సులో తిరుగుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మందు పేరు తెలీదు డాక్టరమ్మా. పొట్లాల్లో ఇచ్చినారు, తెల్ల మాత్రలు. అవి మింగేటప్పుడు నేను ఇట్లుంటి" అంది.

డాక్టరు ఫొటో తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. బాగున్నావని అంటుందనుకున్నాను. అందరూ అనేది అదే. "ఇది మీ ముఖం కాదండీ, మాత్రల ముఖం. స్టెరాయిడ్లు చాలా రోజులు మింగితే ఇలాగే గుండ్రంగా ఉబ్బుతుంది. ఆకలి ఎక్కువవుతుంది, బుగ్గల మీద నూగు వస్తుంది. పిల్లలకైతే ఎదుగుదల ఆగిపోతుంది" అంది. రాసుకుంటూనే తల ఎత్తకుండా ఇంకో మాట అడిగింది. "వాటిని ఉన్నట్టుండి ఆపినా, సగానికి తగ్గించినా జబ్బు విరుచుకుపడుతుంది. మీకెప్పుడన్నా అలా అయిందా?"

సుగుణ నా వైపు చూసింది. "అయినాది. ఒకసారి" అంది. నేను తలెత్తి ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

అప్పట్లో మేము చిత్తూరులో మిట్టూరు వైపు ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాయన బస్సు డ్రైవరు. పొద్దు పొడవకముందే డ్యూటీకి పోయి, ఒంటి నిండా డీజిల్ వాసనతో వచ్చేవాడు. ఆ వాసన వస్తేనే మాకు అన్నం వడ్డించే వేళయినట్టు. అమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు, చేతులతోనే అన్నీ చెప్పేది. చెంబు బోర్లించడంలో కోపం, పొయ్యి ఊదడంలో విసుగు, నాకు జడ వెయ్యడంలో తొందర తెలిసేవి. సుగుణకు ఏడో ఏట మోచేతుల మీద మొదలైంది. తర్వాత మోకాళ్ళు, తర్వాత తల. ఎర్రగా దద్దు లేచి, దాని మీద తెల్లగా పొలుసులు కట్టి, పాత గోడ మీద సున్నం పెచ్చుల్లా రాలేవి. పొద్దున దాని చాప దులిపితే గుప్పెడు వచ్చేది. తామరని ఒకరు, గజ్జని ఒకరు, పాము శాపమని ఒకరు అన్నారు. దానికి వేరే సబ్బు, వేరే తువ్వాలు, అన్నానికి వేరే తట్ట వచ్చాయి. చూసేవాళ్ళకు అది వెలివేత లాగా కనబడి ఉండవచ్చు. నా కళ్ళకు మాత్రం అవన్నీ కొత్తవి, దాని ఒక్కదానివి. నా సబ్బు నాయనా నేనూ కలిసి అరగదీసిన పెచ్చు.

అసలైన కడుపుమంట నూనె దగ్గర. చర్మ రోగాలకు వాడే ఒక చెట్టు ఆకును మా వైపు వెప్పాలాకు అంటారు, తమిళం వాళ్ళ దగ్గరనుంచి వచ్చిన పేరే. ఆ ఆకు చిన్న చిన్న ముక్కలు తుంచి కొబ్బరినూనెలో వేసి, గాజు సీసాలో పోసి, వారం రోజులు పెరటి గోడ మీద ఎండలో పెట్టేది అమ్మ. పచ్చగా ఉన్న ఆకు నూనెకు నేరేడు పండు రంగు ఎట్లా ఇస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. రోజూ పోయి చూసేదాన్ని. మూడో రోజుకు సీసా అడుగున ఊదారంగు దిగేది, వారానికి సీసా అంతా నిండేది. ఇంట్లో అంతకంటే అందమైన వస్తువు లేదు, అదీ సుగుణదే. బడినుంచి రాగానే అమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద దాన్ని కూర్చోబెట్టి, ఒక గంటసేపు నూనె పూసేది. గూట్లో పసుపు నీళ్ళతో కడిగి ఆరబెట్టిన కోడి ఈకలు ఒక కట్ట ఉండేవి. అందులోంచి మెత్తని ఈక ఒకటి ఏరి, నూనెలో ముంచి, మోచేతి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో దద్దు మీదుగా, దాని చుట్టూరా, మెల్లిగా రాసేది. అట్లా రాస్తూ రాస్తూ ఎప్పుడన్నా కూనిరాగం తీసేది. నాకు జడ వేసేటప్పుడు అమ్మ రాగం తీసిన గుర్తే లేదు. నా తల రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వేళ్ళతో చిక్కులు లాగి, నెత్తి మీద ఒకటి మొట్టి, ఐదు నిమిషాల్లో లేపి పంపేసేది. వాళ్ళిద్దరూ బండ మీద కూర్చున్న ఆ గంటలో నేను బావి నుంచి నీళ్ళు మొయ్యాలి, దీపం చిమ్నీలు తుడవాలి, రాగులు చెరగాలి. చెరుగుతూ ఓరకంట చూసేదాన్ని. ఆ గంటంతా అమ్మ దాని సొంతం.

ఒకసారి తట్టుకోలేక ఇటుక ముక్క తీసుకుని నా మోచెయ్యి గీరుకున్నాను. ఎర్రగా కందింది. పోయి అమ్మ ముందర చెయ్యి చాపి, "నాకూ వచ్చినాదిమా" అన్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఇటికెపొడి తుడుసుకోని రాకపోతివి గదమే" అని, వీపు మీద ఒక్కటిచ్చింది. "ఒంట్లో బాగుంటే ఓర్సుకోలేవా నువ్వు? పో, పోయి నీళ్ళు తే." నీళ్ళకు పోతూ బావి దగ్గర ఏడ్చాను. సుగుణ బండ మీదనుంచి నన్నే చూస్తోంది. దాని ముఖంలో గర్వం ఉందని అప్పుడు అనుకున్నాను.

ఎన్ని మందులని! రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన కొట్టే తారు లేపనం పూస్తే చాపా దిండూ నల్లబడ్డాయి. వేపాకు నీళ్ళ స్నానం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండుచేపలు వద్దు. దానికి వేరే పథ్యం, ఎక్కడనుంచో అడిగి తెచ్చిన మేకపాలు. నా గ్లాసులో బర్రెపాలు ఉన్నా దాని గ్లాసు వైపే చూసేదాన్ని. తిరుమలకు పోయి దానికి తలనీలాలు ఇప్పించారు. గుండు మీద దద్దులన్నీ బయటపడ్డాయి. ఘాట్ రోడ్డు బస్సులో దిగేటప్పుడు పక్కన కూర్చున్నావిడ తన బిడ్డను లాక్కుని వెనక సీటుకు పోయింది. అమ్మ ఆ సీటు మీద తువ్వాలు పరిచి, సుగుణను కిటికీ పక్కకు జరగమని సైగ చేసింది. ఇంత పెద్దదాన్ని అయ్యాక చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ దారి పొడవునా నేను ఏడ్చింది కిటికీ సీటు దానికి పోయినందుకు.

తెల్ల మాత్రలు నాయనతో పనిచేసే ఇంకో డ్రైవరు మాట మీద వచ్చాయి. సరిహద్దు అవతల ఒక ఊళ్ళో ఎవరో ఉన్నాడట, ఎంత మొండి చర్మ రోగమైనా పది రోజుల్లో మాయం చేస్తాడట. డాక్టరు చదివినవాడు కాదు, ఎక్కడో కాంపౌండరుగా చేసి బోర్డు పెట్టుకున్నవాడు. పేరూ ఊరూ లేని పొట్లాలు కట్టి ఇచ్చాడు. పొద్దునొకటి, సాయంత్రమొకటి మింగమన్నాడు. నిజంగానే పది రోజుల్లో దద్దులు చప్పబడ్డాయి. నెలకంతా చర్మం నున్నబడింది. నాయన ఆ మనిషికి బస్సులోంచే దండం పెట్టేవాడని చెప్పుకునేవాళ్ళు. రెండు నెలలకు సుగుణ ముఖం నిండింది, బుగ్గలు వచ్చాయి, మెడ కింద మడత వచ్చింది. సంగటి ముద్ద ఒకటి తినడానికి ఏడ్చే పిల్ల రెండు తిని మూడోదానికి చెయ్యి చాపేది. మా మేనత్త వచ్చి దాని గడ్డం పట్టుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, "సిన్నదానికి ఒళ్ళు పట్టింది సూడు వదినా! బుగ్గలు సూడు, చందమామ మాదిరి! పెద్దది ఏందమ్మా ఇట్ల కట్టెపుల్ల మాదిరి ఉండాది? దీనికేం పెట్టవా నువ్వు?" అంది. ఆ వారమే ఫొటో. సుగుణ అప్పుడప్పుడూ కడుపులో మంటని చెప్పేది. తిన్నది ఎక్కువైందని అమ్మ జీలకర్ర నీళ్ళు ఇచ్చేది. బుగ్గల మీద నూగు వస్తే, ఆడపిల్ల పసుపు పూసుకోకపోతే అంతే అన్నారు. రోగం పోయి ఆరోగ్యం వచ్చిందని మా ఇంటిల్లిపాదీ నమ్మాం. అందరికంటే గట్టిగా నమ్మింది నేను. జబ్బు చేసినప్పుడూ అదే గొప్ప, జబ్బు పోయాకా అదే గొప్ప అయితే ఇక నాకేం మిగిలిందని రాత్రీ పగలూ అదే బాధ.

మామిడికాయల కాలం వచ్చింది. ఊరి బయట రసం తీసే షెడ్డులో కాయలు కోసే పనికి అమ్మ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పోయేది. పోతూ పోతూ మాత్రల పొట్లం గూట్లోంచి తీసి నా చేతికి ఇచ్చింది. "సాయంకాలం మాత్ర నువ్వియ్యి మే. అది సేదని ఉమ్మేస్తాది, కండ్లముందర మింగించు. పెద్దదానివి, నీ మీద బెట్టి పోతా ఉండా." మొదటి రోజు ఇచ్చాను. రెండో రోజు మాత్ర అరచేతిలో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. లోపలికి పోయిన నా దవడలు కనబడ్డాయి. బుగ్గలు ఈ పొట్లంలోంచి వచ్చాయని నాకు తెలుసు, పదకొండేళ్ళ బుర్రకు ఆ మాత్రం లెక్క అందింది. మాత్ర నా నోట్లో వేసుకున్నాను. కటిక చేదు. సుగుణ కోసం డబ్బాలోంచి పటికబెల్లం చిన్న పలుకు తీసుకుని పోయాను. "కండ్లు మూసుకోని నోరు తెరువు" అన్నాను. కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది. నాలిక మీద పెట్టి, నీళ్ళు పోశాను. మింగింది. ఏమీ అనలేదు. పిచ్చిది, చేదుకీ తీపికీ తేడా తెలియని మొద్దు అని లోపల నవ్వుకున్నాను.

కాయలు కోసే పని ఉన్నన్ని రోజులూ అదే జరిగింది. సాయంత్రం అమ్మ లేని వేళ, కండ్లు మూసుకోవే అనడం, అది గడప మీద కూర్చుని ముఖం పైకెత్తడం. ఒక్కో రోజు నేను పిలవకముందే వచ్చి కూర్చునేది. నేను పొద్దునే లేచి అద్దం చూసుకునేదాన్ని. బుగ్గలు రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది, కడుపులో నిప్పు పెట్టినట్టు మంట వచ్చింది. అది కూడా ఎవరితోనూ చెప్పుకోలేని మంట అయిపోయింది. నాలుగు రోజులు ఓపిక పడితే వస్తాయిలే అనుకుంటూ ఉండగా, ఒక పొద్దున సుగుణ లేవలేదు. ఒళ్ళంతా, ముఖంతో సహా, ఎర్రగా ఉడికినట్టు అయిపోయింది. ఎండాకాలంలో చలి, వణుకు. చాప మీద పొలుసులు దోసిళ్ళతో ఎత్తేటన్ని ఉన్నాయి. గుడ్డ తగిలితే అరిచింది. నాయన తన బస్సులోనే వెనక సీటు మీద పడుకోబెట్టి వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నన్ను పక్కింట్లో దించారు. నెల రోజులు.

అక్కడి డాక్టర్లు మాత్రలేమన్నా ఆపారా, తగ్గించారా అని తిప్పి తిప్పి అడిగారట. అమ్మ దేవుడి మీద ఒట్టు పెట్టి, ఒక్క పూటా తప్పలేదని చెప్పిందట. తప్పలేదని అమ్మ నమ్మింది. నా మీద పెట్టిపోయింది కదా. మరి ఎందుకిట్లా అయిందని వెతుక్కుని వెతుక్కుని, ఆఖరికి తన తప్పే దొరకబుచ్చుకుంది. అంతకు రెండు రోజుల ముందు సుగుణ అడిగి అడిగి ఏడిస్తే, జబ్బు పోయింది కదా అని ఎండుచేపల పులుసు పెట్టింది. అంతే, ఆ పులుసే బిడ్డను కాల్చేసిందని తేల్చుకుంది. ఎండుచేప ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి అమ్మ. ఆ రోజు నుంచి ఇంట్లోకి రానివ్వలేదు, తాను ముట్టలేదు. వీధిలో ఎవరింట్లోనో కాలుస్తుంటే వాసనకు లేచి తలుపు వేసేది. పోయేముందు ఏడాది నా దగ్గరే తిరుపతిలో ఉంది. నాలిక చచ్చిపోయింది, ఏదీ రుచించడం లేదంటే, వెతికి తెప్పించి, చింతపండు పులుసు పెట్టి, వంకాయ వేసి, అమ్మ చేసే పద్ధతిలోనే చేసి తట్టలో పెట్టాను. వాసన చూసింది. గుటక వేసింది కూడా, నేను చూశాను. తట్ట మెల్లిగా పక్కకు నెట్టింది. "వద్దుమే. ఆ ఎండుసేపే నా బిడ్డను అట్ల సేసింది" అంది. తట్ట వంటింట్లోకి తీసుకుపోయి నిలబడే తినేశాను. అప్పుడన్నా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పదకొండేళ్ళప్పుడు దెబ్బల భయం. ముప్పయి ఏళ్ళప్పుడు సిగ్గు. తర్వాత ఆలస్యమైందని ఒక సాకు. ఇవన్నీ నిజమే గానీ, వీటి అడుగున ఇంకోటి ఉంది. చెబితే మళ్ళీ అందరూ సుగుణ చుట్టూ చేరతారు. అయ్యో బిడ్డా, ఇన్నాళ్ళూ ఎంత పడ్డావని దాని తల నిమురుతారు, నన్ను చూసి ముఖం తిప్పుకుంటారు. కిటికీ సీటు మరొకసారి దానికే ఇచ్చేసినట్టు అవుతుంది. అది నా చేతులతో నేను ఇవ్వలేకపోయాను.

వేలూరునుంచి వచ్చిన సుగుణ ఫొటోలో పిల్ల కాదు. బుగ్గలు పోయాయి. ఎత్తు అక్కడే ఆగిపోయినట్టయింది, ఇప్పటికీ నా భుజం దాటదు. ఆ మాత్రలు పొట్లాలు పొట్లాలుగా ఆ తర్వాత కూడా ఎవరెవరో ఇచ్చారు, ఇది మింగింది. నలభై దాటగానే కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి, ఎముకలు పెళుసైనాయి. కొన్నేళ్ళు వారానికొకసారి మింగే మాత్రలు వాడింది. ఆ రోజంతా వాంతులు, దువ్వెన నిండా జుట్టు, కాలేయం బాగుందో లేదోనని మాటిమాటికీ రక్తపరీక్షలు. పలమనేరులో కుట్టుమిషను పెట్టుకుని మణికట్టు దాకా చేతులున్న రవికెలు కుట్టడంలో పేరు తెచ్చుకుంది. ముందు తనకోసం నేర్చుకున్న పని అది. చలి ఊరు కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. ఈ ఏడు ఈ ఇంజక్షన్ మొదలైంది. ముందు ఊపిరితిత్తుల్లో క్షయ లేదని తేల్చుకున్నారు. జలుబు, జ్వరం, గొంతునొప్పి ఏదొచ్చినా తాత్సారం చెయ్యకుండా చెప్పాలని, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి కొంచెం తగ్గుతుందని డాక్టరు హెచ్చరించింది. మూడు నెలలకు దాని ఒళ్ళు కడిగినట్టయింది. కోడి ఈకతో గంటలు గంటలు రాసినా పోనిది, సూదిమొనంత మందుతో పోయింది. పోయినసారి వచ్చినప్పుడు పొట్టి చేతుల రవికె వేసుకుని బస్సు దిగింది. దిగుతూ రెండు చేతులూ ఇట్లా ముందుకు చాపి చూపించింది. చూసి సంతోషించాను. కాదు, ముందు ఓర్చుకోలేకపోయాను, ఆ తర్వాత సంతోషించాను. నా చేతులు మచ్చలు పడి, తోలు వేలాడుతున్నాయి.

డాక్టరు దగ్గరనుంచి ఆటోలో ఇల్లు చేరాం. అన్నాలు తిన్నాం. మధ్యాహ్నం ఎండ వాలింది, కిటికీలోంచి కొండ కనబడుతోంది. సుగుణ మంచం మీద కాళ్ళు చాపుకుని ఇంజక్షన్ వేసిన చోట అదుముకుంటోంది. ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పనని తెలిసింది.

"సుగుణా, మామిడికాయల కాలంలో ఆ సాయంకాలం మాత్రలు..."

"నువ్వు మింగినావు" అంది. "నాకు తెలుసు."

"డాక్టరమ్మ సెప్పినాక తెలిసిందా?"

"మొదటి దినమే తెలిసె. పటికబెల్లం తియ్యగా ఉంటాది గదక్కా. రోగం ఒంటికి గానీ నాలిక్కి కాదు గదా!"

"మరి అమ్మతో సెప్పలేదేం? అంత అయినాక గూడా?"

"సెప్పింటే మళ్ళా నువ్వు పెట్టవు గదా."

"పటికబెల్లమా?"

"బెల్లానికి గాదులేక్కా." ఇంజక్షన్ చోటు అదమడం ఆపింది. "అమ్మ నన్ను యానాడన్నా చేత్తో తాకిందా, నువ్వే సెప్పు. నూనె పూస్తే ఈకతో. నీళ్ళు పోస్తే పైనించి చెంబుతో. తుడిస్తే తువ్వాల కొసతో. చెయ్యి తగిల్తే నొప్పి పుడతాదంటా ఉన్నింది, నిజమే అయుండచ్చు. బుగ్గలొచ్చి ఒళ్ళంతా బాగైనాక గూడా ఈక ఇడిసిపెట్టలే. నీకు మాత్రం తలకాయ మోకాళ్ళ నడమ పెట్టుకోని, వేళ్ళు జొనిపి జడేస్తా ఉన్నింది. మొట్టికాయ గూడా వేస్తా ఉన్నింది. నేను గడప కాడ కూసోని సూస్తా ఉంటి. నీ మీద ఎంత కుళ్ళక్కా నాకు! ఆ మొట్టికాయ ఒకటి నాకు పడితే సాలనుకుంటి."

నా చెయ్యి నెత్తి మీదికి, అమ్మ మొట్టే చోటికి పోయింది.

"నువ్వు నోట్లో పెట్టేటప్పుడు నీ యేళ్ళు నా పెదాలకు తగిలేటివి. మన ఇంట్లో నన్ను తాకిన చెయ్యి అదొకటే. దానికోసరమే, బెల్లమని తెలిసినా కండ్లు మూసుకుంటి."

గంటసేపు అమ్మ దాని సొంతమనుకున్న ఆ పెరటి బండ నా కళ్ళముందుకు వచ్చింది. అమ్మ చెయ్యి ఉంది, ఈక ఉంది, సుగుణ ఉంది. ఈక పొడవంత దూరం వాళ్ళిద్దరి మధ్యా రోజూ ఉండేదని నాకు ఒక్కనాడూ కనబడలేదు. "అమ్మ ఎండుచేపలు మానేసింది గదమే" అన్నాను, ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నేనన్నా నోరు తెరిస్తినా? ఇద్దరమూ కలిసే అమ్మ నోరు కట్టేస్తిమి" అంది సుగుణ. అది కూడా ఏడవలేదు. ముఖం తుడుచుకుని గడియారం చూసింది. "డాక్టరమ్మ ఒళ్ళు ఎండనియ్యొద్దు, నూనె పూసుకోమన్నింది. కొబ్బరినూనె ఉంటే తేక్కా."

లేచి వెళ్ళి నూనె సీసా తెచ్చాను. ఏ అలవాటో తెలియదు, సీసాతో పాటు అలమరలోంచి దూది ఉండ కూడా తీసుకుని వచ్చాను.

"దూదెందుకు?" అంది. "చెయ్యి లేదా నీకు?"

దూది కిటికీలో పెట్టి, అరచేతిలో నూనె పోసుకుని, మోచేతి దగ్గర మొదలుపెట్టాను. అరవై ఏళ్ళలో నేను దాని మోచెయ్యి ముట్టుకోవడం అదే మొదలు. పొలుసులు లేవు, దద్దు లేదు, నా అరచెయ్యి ఆగకుండా మణికట్టు దాకా జారిపోయింది. ఈ వయసులో ఇంత నున్నని చెయ్యి దీనికెందుకు, నాకు ఎందుకు లేదు అని ఆ క్షణంలో కూడా నా కడుపు మండింది. ఆ మంటతోనే మళ్ళీ మోచేతి దాకా వెనక్కి రాశాను.

"మెల్లింగా పుయ్యక్కా, బస్సుకు ఇంకా టైముండాది" అని సుగుణ కళ్ళు మూసుకుంది.